మెయిల్ సంతకంలో డిజిటల్ విజిటింగ్ కార్డు: మొదటి నుంచి చివరి దాకా

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి ఒకరు మలేసియాలోని కొనుగోలుదారుకు కొటేషన్ పంపారనుకుందాం. ఆయనకు ధర నచ్చింది. తేమ శాతం గురించి ఒక మాట అడగాలని ఫోన్ తీశారు. మెయిల్ కింద నంబరు ఉంది కానీ, విజిటింగ్ కార్డును స్కాన్ చేసి పెట్టిన బొమ్మలో ఉంది. వేలితో నొక్కితే కాల్ వెళ్లదు. దేశం కోడ్ కూడా లేదు. పక్కనే మరో ఇద్దరి కొటేషన్లు ఉన్నప్పుడు ఆయన ఎంతసేపు ఓపిక పడతారు?

డిజిటల్ కార్డు పెట్టుకునేది ఈ ఇబ్బంది తీర్చడానికే. అవతలి మనిషి ఒకటి రెండుసార్లు నొక్కేసరికి మీ పేరు, సంస్థ, నంబరు ఆయన ఫోన్‌లో సేవ్ అయిపోవాలి. ఏది పెట్టాలి, ఏది వద్దు అనే ప్రతి చోటా నేను ఈ ఒక్క ప్రశ్నతోనే తేల్చుకుంటాను. అందం సంగతి ఆ తర్వాత.

జీమెయిల్ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వివరంగా రాస్తున్నాను. అవుట్‌లుక్, యాపిల్ మెయిల్ వాళ్లకు తేడా ఉన్న చోట్లు చివర్లో ఉన్నాయి. కార్డు ఫైలు తయారీకి, సంతకం (మెయిల్ కింద దానంతట అదే చేరే వరుసలు) పెట్టే భాగానికి కంప్యూటర్ కావాలి. డబ్బు ఖర్చేమీ లేదు.

ముందు కార్డు ఫైలు

ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే కార్డు ఫైలును వీకార్డ్ అంటారు. ఫైలు పేరు చివర డాట్ వీసీఎఫ్ అని ఉంటుంది. 1990ల మధ్యలో యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి ఏర్పాటు చేసిన వెర్సిట్ అనే బృందం దీన్ని రూపొందించింది. లోపల ఉండేది మామూలు అక్షరాలే. పేరు ఇది, ఫోన్ ఇది, సంస్థ ఇది అని వరుసగా రాసి ఉంటుంది. దీనికి 2.1, 3.0, 4.0 అని మూడు వెర్షన్లున్నాయి. నా సలహా 3.0. పాత 2.1లో తెలుగు అక్షరాలు కొన్ని ఫోన్లలో ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. 2011లో వచ్చిన 4.0ను ఇప్పటికీ కొన్ని ప్రోగ్రాములు సరిగా తీసుకోవు.

ఈ ఫైలు కోసం కొత్త యాప్ ఏదీ వేసుకోనక్కర్లేదు. గూగుల్ కాంటాక్ట్స్ చాలు.

1. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, మీ పేరు మీదే ఒక కొత్త కాంటాక్ట్ మొదలుపెట్టండి. ఫోన్‌లో ఇప్పటికే ఉన్న మీ సొంత కాంటాక్ట్‌ను వాడొద్దు. ఇంటి అడ్రస్, పుట్టినరోజు, ఎప్పుడో నోట్స్‌లో రాసుకున్న సంగతులు కూడా దాంతోపాటు బయటికి వెళ్లిపోతాయి.
2. పేరు, సంస్థ, హోదా, ఆఫీసు మెయిల్, ఫోన్, వెబ్‌సైట్, ఆఫీసు అడ్రస్ నింపి సేవ్ చేయండి.
3. ఆ కాంటాక్ట్ పేజీలో మూడు చుక్కల మెనూ నొక్కి ‘ఎక్స్‌పోర్ట్’ ఎంచుకోండి. వచ్చే వాటిలో ‘వీకార్డ్’ అనే దాన్ని తీసుకోండి. ఫైలు డౌన్‌లోడ్ అవుతుంది.
4. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒకసారి చదవండి. బయటివాళ్లకు తెలియకూడనిది ఒక్క ముక్క కనబడినా కాంటాక్ట్‌ను సరిచేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.
5. ఫైలుకు మీ పేరు, సంస్థ పేరు కలిసేలా ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పేరు పెట్టండి. ‘కాంటాక్ట్స్’ అనే పేరుతో వచ్చిన ఫైలు ఎవరిదో డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు తెలియదు.

రెండో అడుగు ఒక్క వాక్యంలో అయిపోయింది కానీ, అక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా రెండు చిక్కులున్నాయి.

మొదటిది ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. కాంటాక్ట్స్‌లో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గడులుంటాయి. ఇంటిపేరును లాస్ట్ నేమ్‌లో వేస్తే అవతలి ఫోన్‌లో అది చివర కనబడుతుంది. పైగా ఐఫోన్ మామూలుగా లాస్ట్ నేమ్ ప్రకారమే జాబితాను పేరుస్తుంది. అందరూ మిమ్మల్ని ‘రమణగారు’ అని పిలుస్తూ, ఫోన్‌లో మాత్రం మీరు ‘కె’ అక్షరం కింద ఉంటే వెతికేవాళ్లకు తిప్పలే. మీ కస్టమర్లు ఎక్కువమంది ఇక్కడివాళ్లయితే, వాళ్లు మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారో దాన్ని ఇనీషియల్స్‌తో సహా ఫస్ట్ నేమ్‌లోనే రాసి, రెండో గడి ఖాళీగా వదిలేయండి. విదేశీ కంపెనీలతో వ్యవహారం ఉంటే మాత్రం పాస్‌పోర్టులో ఎలా విడదీసి ఉందో అలాగే నింపండి. ఇన్‌వాయిస్, వీసా లెటర్, బ్యాంకు కాగితాల్లో ఆ పేరే వస్తుంది కాబట్టి కార్డు కూడా వాటితో కలవాలి.

రెండోది లిపి. తెలుగులో పేరు చూసుకోవడం ఎవరికైనా ఇష్టమే, నాకూ ఇష్టమే. కానీ ఫోన్‌లో పేరు వెతికేటప్పుడు తెలుగువాళ్లలో కూడా చాలామంది ఇంగ్లీషు అక్షరాలే కొడతారు. అందుకని పేరు గడిలో ఇంగ్లీషు అక్షరాలు వాడి, నోట్స్ గడిలో తెలుగులో పేరు, చేసే పని రాయండి. కాంటాక్ట్ తెరిచిన తెలుగువాళ్లకు అది కనబడుతుంది.

ఫోన్ నంబరు ముందు ప్లస్ 91 తప్పకుండా ఉండాలి. ల్యాండ్‌లైన్ అయితే ఎస్‌టీడీ కోడ్‌లో ముందున్న సున్నా తీసేయాలి. గుంటూరు 0863 కాబట్టి +91 863 అని మొదలవుతుంది, హైదరాబాద్ 040 కాబట్టి +91 40 అని. డల్లాస్‌లో ఉన్నవాళ్లు నొక్కినా, మీ వీధిలో ఉన్నవాళ్లు నొక్కినా కాల్ కలిసేది ఇలా రాస్తేనే.

ఫైలును ఎక్కడ ఉంచాలి

ఫైలును ప్రతి మెయిల్‌కూ అటాచ్ చేసే పద్ధతి ఒకటుంది. నేను వద్దంటాను. రెండు ముక్కల జవాబు పంపినా దానికి అటాచ్‌మెంట్ గుర్తు పడుతుంది. మీరు పంపిన అసలు ఇన్‌వాయిస్ కోసం అటాచ్‌మెంట్లున్న మెయిళ్లన్నీ వెతికేవాళ్లకు మీ కార్డులే ఇరవై కనబడతాయి. కొన్ని కంపెనీల మెయిల్ సర్వర్లు తెలియని చోటి నుంచి వచ్చిన ఇలాంటి ఫైళ్లను ఆపేస్తాయి కూడా. ఫైలును ఒక చోట ఉంచి, సంతకంలో లింక్ ఇవ్వడమే మేలు.

మీకు సొంత వెబ్‌సైట్ ఉంటే ఫైలును అందులోనే పెట్టించండి. ఇంతకంటే మంచి చోటు లేదు. లింక్‌లో మీ సంస్థ పేరే ఉంటుంది కాబట్టి నొక్కేవాళ్లకు అనుమానం రాదు.

వెబ్‌సైట్ లేకపోతే గూగుల్ డ్రైవ్. ఫైలును అప్‌లోడ్ చేసి, ‘షేర్’లోకి వెళ్లి, ‘జనరల్ యాక్సెస్’ దగ్గర ‘ఎనీవన్ విత్ ద లింక్’, ‘వ్యూయర్’ అని పెట్టి లింక్ కాపీ చేసుకోండి. ‘రిస్ట్రిక్టెడ్’ అని ఉన్నది మార్చకుండా వదిలేస్తే, నొక్కిన ప్రతివాళ్లకూ అనుమతి అడగమని వస్తుంది. డ్రైవ్‌తో ఒక లోటుంది: లింక్ నొక్కగానే ఫైలు నేరుగా దిగదు. ముందు ఒక పేజీ తెరుచుకుంటుంది, అక్కడ డౌన్‌లోడ్ నొక్కాలి. అయినా ఒక మంచి సౌకర్యం ఉంది. రేపు నంబరు మారితే, డ్రైవ్‌లో ఆ ఫైలు మెనూ తెరిచి ‘మేనేజ్ వెర్షన్స్’ ద్వారా కొత్త ఫైలు ఎక్కించవచ్చు. లింక్ మారదు. ఇదివరకు మీరు పంపిన మెయిళ్లలోని లింక్ కూడా ఇకపై కొత్త నంబరే ఇస్తుంది.

ఇంకొంచెం శ్రద్ధ పెట్టగలిగితే, ఉచితంగా వెబ్ పేజీలు చేసుకునే గూగుల్ సైట్స్‌లో ఒక చిన్న పేజీ చేయండి. నేను గట్టిగా సిఫారసు చేసే దారి ఇదే. తెలియని ఫైలు డౌన్‌లోడ్ చేయమంటే జంకే మనిషి కూడా పేజీ చూడటానికి జంకడు. కొత్త సైట్ తెరిచి పైన మీ పేరు, కింద ఏం చేస్తారో ఒక వాక్యం, ఒక ఫొటో పెట్టండి. ఆపైన ‘ఇన్సర్ట్’లో ‘బటన్’ ఎంచుకుని మూడు బటన్లు చేర్చండి. మొదటిది ‘నంబరు సేవ్ చేసుకోండి’. దానికి డ్రైవ్‌లోని వీకార్డ్ లింక్ ఇవ్వాలి. రెండోది వాట్సాప్. దాని లింక్ డబ్ల్యూఏ డాట్ ఎంఈ, ఆ తర్వాత ఒక స్లాష్, ఆ వెంటనే 91తో మొదలయ్యే మీ నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. మూడోది గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం లేదా ఆఫీసు. ‘పబ్లిష్’ నొక్కినప్పుడు అడ్రస్ చివర ఏం ఉండాలో అడుగుతుంది. అక్కడ చిన్న పేరు ఇవ్వండి.

హైహలో, బ్లింక్, పాపుల్ లాంటి డిజిటల్ కార్డు యాప్‌లు కూడా ఇలాంటి పేజీనే తయారు చేసి లింక్ ఇస్తాయి. అది చాలనుకుంటే ఆ లింక్ తీసుకుని తర్వాతి భాగానికి వెళ్లవచ్చు. కాకపోతే ఆ లింక్ ఆ కంపెనీ చేతిలో ఉంటుందని గుర్తుంచుకోండి. లింకులను పొట్టి చేసే సేవలదీ ఇదే కథ. గూగుల్ అంతటి సంస్థే తన లింక్ షార్ట్‌నర్ సేవను 2019లో ఆపేసింది. పైగా పొట్టి లింక్ ఎక్కడికి తీసుకెళ్తుందో చూసేవాళ్లకు తెలియదు, మోసపు మెయిళ్లలోనూ అవే ఎక్కువ కనబడతాయి.

సంతకంలో ఏం రాయాలి

నాలుగు వరుసలు చాలు:

మీ పేరు
హోదా, సంస్థ పేరు, ఊరు
+91 00000 00000
నా నంబరు సేవ్ చేసుకోండి

చివరి వరుస మొత్తం లింక్. ‘ఇక్కడ నొక్కండి’ అని రాయొద్దు, నొక్కితే ఏం జరుగుతుందో చెప్పేలా రాయండి. బయటి రాష్ట్రాలవాళ్లకు, విదేశాలవాళ్లకు పంపే సంతకంలో అదే మాట ఇంగ్లీషులో ఉండాలి. ఫోన్ నంబరును అక్షరాల్లోనే రాయాలి, బొమ్మలో ఎప్పుడూ పెట్టొద్దు. అక్షరాల్లో ఉంటే ఫోన్ దాన్ని నంబరుగా గుర్తుపట్టి, నొక్కగానే కాల్ కలుపుతుంది. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా చదవగలుగుతుంది.

సోషల్ మీడియా ఐకాన్ల వరుస, సూక్తులు, పండగ శుభాకాంక్షల బొమ్మలు నా లెక్కలో అనవసరం. అవి పెరిగేకొద్దీ కార్డు లింక్ కనబడకుండా పోతుంది.

చట్టం అడిగేవి వేరు. మీది ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ అయితే, 2013 కంపెనీల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం వ్యాపార ఉత్తరాలు, బిల్లులు, లెటర్‌హెడ్‌ల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్, 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య (సీఐఎన్), ఫోన్, మెయిల్ ఉండాలి. వ్యాపార ఉత్తరాలన్నీ ఇప్పుడు మెయిల్‌లోనే నడుస్తున్నాయి కాబట్టి వాటిని సంతకం కింద చిన్న అక్షరాల్లో ఒక వరుసగా చేర్చుకోవడం మంచిది. న్యాయవాదులైతే బార్ కౌన్సిల్ 36వ నియమం మరవకూడదు. ఫలానా కేసుల్లో స్పెషలిస్టునని, మాజీ జడ్జినని స్టేషనరీ మీద రాసుకోకూడదని అది చెబుతుంది. కార్డు పేజీలోనూ ఆ హద్దు పాటించండి.

జీమెయిల్‌లో పెట్టడం

1. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కి, ‘సీ ఆల్ సెట్టింగ్స్’లోకి వెళ్లండి.
2. ‘జనరల్’ ట్యాబ్‌లో కిందికి దిగితే ‘సిగ్నేచర్’ వస్తుంది. ‘క్రియేట్ న్యూ’ నొక్కి ఒక పేరు ఇవ్వండి. ఇది మీకు గుర్తు కోసమే, బయటికి కనబడదు.
3. పక్కనున్న పెట్టెలో నాలుగు వరుసలూ నేరుగా టైప్ చేయండి. వర్డ్ నుంచి తెచ్చి అతికిస్తే దాని వెనకున్న ఫార్మాటింగ్ కూడా వచ్చేస్తుంది. జీమెయిల్ సంతకానికి 10,000 అక్షరాల హద్దుంది, ఆ కనబడని సరుకే దాన్ని తినేస్తుంది.
4. చివరి వరుసను సెలెక్ట్ చేసి, గొలుసు గుర్తు నొక్కి, మీ పేజీ లింక్ ఇవ్వండి.
5. కింద ‘సిగ్నేచర్ డీఫాల్ట్స్’లో కొత్త మెయిళ్లకు ఏ సంతకం, జవాబులకు ఏ సంతకం అని రెండు ఎంపికలుంటాయి. మొదటి దాంట్లో ఈ సంతకాన్ని ఎంచుకోండి.
6. పేజీ అట్టడుగున ‘సేవ్ ఛేంజెస్’ నొక్కాలి. ఇది నొక్కకుండా బయటికి వస్తే చేసిందంతా పోతుంది.

జవాబుల కోసం రెండో సంతకం తయారు చేసుకోమని నా గట్టి సలహా. అందులో పేరు, నంబరు, లింక్ మాత్రమే ఉండాలి. పదిసార్లు మాటా మాటా జరిగిన మెయిల్‌లో పది ఫొటోలు, పది క్యూఆర్ కోడ్‌లు పేరుకుపోతే అసలు విషయం ఎక్కడుందో వెతుక్కోవాలి. మెయిల్ దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది దాచేసి, మొత్తం చూడాలంటే నొక్కమంటుంది. అలా దాచినప్పుడు కింద ఉన్న సంతకమే ముందు మాయమవుతుంది.

ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ‘మొబైల్ సిగ్నేచర్’ అని వేరే సెట్టింగ్ ఉంది. అది ఉత్త అక్షరాలే తీసుకుంటుంది, మాట వెనక లింక్ దాచడం కుదరదు. అక్కడ పేజీ అడ్రస్‌ను పూర్తిగా టైప్ చేయాలి. సైట్స్‌లో చిన్న పేరు పెట్టమన్నది ఇందుకు కూడా.

క్యూఆర్ కోడ్ పెట్టాలా?

మీ మెయిల్‌ను కంప్యూటర్ తెర మీద చదివేవాళ్లకు ఇది పనికొస్తుంది. చేతిలో ఉన్న ఫోన్‌తో తెరను స్కాన్ చేస్తే కార్డు పేజీ నేరుగా ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఫోన్‌లోనే మెయిల్ చదివేవాళ్లు అదే ఫోన్ కెమెరాతో దాన్ని స్కాన్ చేయలేరు. కాబట్టి లింక్ తప్పనిసరి, కోడ్ దానికి తోడు మాత్రమే.

1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ కారు విడిభాగాల లెక్క కోసం క్యూఆర్ కోడ్‌ను తయారు చేసింది. అందులో ఎంత ఎక్కువ సమాచారం నింపితే గడులు అంత చిన్నవవుతాయి. తెలుగు అక్షరం ఒక్కొక్కటి, గుణింతం గుర్తులతో సహా, మూడేసి బైట్లు తింటుంది. పేరు, అడ్రస్ అన్నీ తెలుగులో కోడ్ లోపలే నింపితే అది తెర మీద బూడిద రంగు మరకలా కనబడుతుంది, కెమెరాకు అందదు. కోడ్‌లో పేజీ లింక్ ఒక్కటే ఉంచండి. 40 అక్షరాల లోపు లింక్ 29 అడ్డగడులు, 29 నిలువుగడుల కోడ్‌లో సరిపోతుంది. చుట్టూ నాలుగేసి గడుల తెల్ల అంచు వదలాలి, అంటే మొత్తం 37. గడికి మూడు పిక్సెళ్ల చొప్పున 111 పిక్సెళ్ల బొమ్మ చాలు.

కోడ్ తయారీకి క్రోమ్ బ్రౌజరే ఉంది. మీ కార్డు పేజీ తెరిచి, మూడు చుక్కల మెనూలో షేర్ చేసే చోట ‘క్రియేట్ క్యూఆర్ కోడ్’ ఎంచుకుంటే బొమ్మ డౌన్‌లోడ్ అవుతుంది. మధ్యలో చిన్న డైనోసార్ బొమ్మ ఉంటుంది, స్కాన్‌కు అది అడ్డం కాదు. బయటి వెబ్‌సైట్లలో చేసుకునేవాళ్లు ‘స్టాటిక్’ కోడ్ అడగండి. ‘డైనమిక్’ కోడ్‌లో ఉండేది ఆ కంపెనీ లింక్. చందా కట్టడం ఆపిన రోజున అది మీ పేజీకి తీసుకెళ్లడం మానేయవచ్చు.

బొమ్మ పీఎన్‌జీ ఫైలుగా, తెల్లటి నేపథ్యంతో ఉండాలి. నేపథ్యం పారదర్శకంగా ఉంటే డార్క్ మోడ్‌లో నల్ల గడులు నల్ల తెర మీద కలిసిపోతాయి. జీమెయిల్ సంతకం పెట్టెలో బొమ్మ గుర్తు నొక్కి అప్‌లోడ్ చేశాక, బొమ్మ మీద నొక్కితే సైజులు వస్తాయి. అందులో ‘ఒరిజినల్ సైజ్’ తీసుకోండి. బొమ్మను కూడా సెలెక్ట్ చేసి అదే లింక్ ఇస్తే, ఫోన్‌లో కోడ్ మీద నొక్కినవాళ్లకూ పేజీ తెరుచుకుంటుంది.

అవుట్‌లుక్, యాపిల్, థండర్‌బర్డ్

పాత అవుట్‌లుక్‌లో సంతకం ఎడిటర్‌లోనే ‘బిజినెస్ కార్డ్’ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కార్డు బొమ్మ పడటంతోపాటు వీకార్డ్ ప్రతి మెయిల్‌కూ అటాచ్ అవుతుంది. అందుకే అక్కడ కూడా లింక్ పద్ధతినే వాడమంటాను. కొత్త అవుట్‌లుక్‌లో, వెబ్‌లో సెట్టింగ్స్ తెరిచి ‘అకౌంట్స్’లో ‘సిగ్నేచర్స్’ చూడండి. మ్యాక్‌లో మెయిల్ సెట్టింగ్స్‌లో ‘సిగ్నేచర్స్’ ఉంటుంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో అకౌంట్ సెట్టింగ్స్‌లో వీకార్డ్‌ను అటాచ్ చేసే టిక్ ఒకటుంది, దాన్ని ఖాళీగానే వదిలేయండి.

ఆఫీసు మెయిల్ అయితే ముందు ఐటీ వాళ్లను అడగండి. చాలా కంపెనీల్లో సంతకం సర్వర్ నుంచే అందరికీ ఒకేలా పడుతుంది, మీరు పెట్టింది దాని మీద ఇంకోటిగా కనబడుతుంది.

పంపే ముందు పరీక్ష

మీకు మీరే కాకుండా, వేరే కంపెనీ మెయిల్ వాడే స్నేహితులకు పంపండి. ఒకరి దగ్గర ఆండ్రాయిడ్, ఒకరి దగ్గర ఐఫోన్ ఉంటే సరిపోతుంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో ఇప్పటికే ఉంటే ఈ పరీక్ష వల్ల ఏమీ తెలియదు, ముందు దాన్ని తీసేయమనండి. లింక్ నొక్కి సేవ్ చేశాక వాళ్ల తెర స్క్రీన్‌షాట్ అడగండి. పేరు మీరు అనుకున్న వరుసలో వచ్చిందా, హోదా సరైన చోట పడిందా, నంబరు ముందు ప్లస్ 91 ఉందా చూడండి. తర్వాత డార్క్ మోడ్ పెట్టి చూడమనండి. బొమ్మలు కనబడకుండా ఆపేసి కూడా ఒకసారి. చాలా ఆఫీసుల అవుట్‌లుక్‌లో బయటి బొమ్మలు వాటంతట అవి తెరుచుకోవు. అప్పుడు కూడా పేరు, నంబరు, లింక్ మూడూ చదవగలిగేలా ఉండాలి.

లింక్‌ను ఇన్‌కాగ్నిటో విండోలో తెరవడం మరవొద్దు. మీ గూగుల్ అకౌంట్‌లో లాగిన్ అయి ఉన్నప్పుడు మీ ఫైలు మీకు ఎలాగూ తెరుచుకుంటుంది. షేరింగ్ తప్పుగా ఉందో లేదో తెలిసేది బయటివాళ్లలా చూసినప్పుడే. నంబరు, హోదా లేదా ఆఫీసు మారినప్పుడు డ్రైవ్‌లో ఫైలును, సైట్స్‌లో పేజీని, రెండు సంతకాల్లోని నంబరును, ఫోన్ యాప్‌లోని సంతకాన్ని ఒకే రోజు మార్చి, ఈ పరీక్ష మళ్లీ చేయండి.